రష్యన్‌లోకి దిగని మాట

బురుల్చా ఆ ఉదయం కోర్టు వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. పందొమ్మిదేళ్లుగా కిర్గిజ్ మాటల్ని రష్యన్‌లోకి మార్చడమే ఆమె ఉద్యోగం. గొర్రెల దొంగతనాలు, కాలువ నీళ్ల తగాదాలు, విడాకులు. ఏనాడూ ఎవరూ తప్పు పట్టలేదు. ఇప్పుడు తన తప్పు తననే తినేస్తోంది.

ఈ కేసు కియాల్‌ది. నర్సింగు చదివే ఇరవై రెండేళ్ల పిల్ల. బస్సు దిగుతుంటే తాలాయ్ అనేవాడు కారులోకి లాగి ఇంటికి ఎత్తుకుపోయాడు. ఇంట్లో ఆడవాళ్లు పెళ్లికూతురి తెల్లగుడ్డ తలకు కట్టారు. ఆపైన వాడు చెరిచాడు. మూడోనాడు అన్న వచ్చి విడిపించుకుపోయాడు. పోలీసులకు అంతా చెప్పి, చివర ఆ పిల్ల 'కోన్‌దుమ్' అంది. బురుల్చా దాన్ని రష్యన్‌లో 'ఒప్పుకున్నాను' అని రాయించి, కింద సంతకం చేసింది.

"ఏంటక్కా ఆ తిరుగుడు, నేల అరిగిపోతుంది!" అన్నాడు బంట్రోతు తోక్తోబై. విషయం చెబితే అతని నవ్వు ఆరిపోయింది. "పిచ్చా నీకు? ఇప్పుడు మాట మారిస్తే తప్పుడు అనువాదమని కేసు నీ మీదకే తిరుగుతుంది. ఉద్యోగం ఊడుతుంది. నోరు మూసుకుని కూర్చో."

ఆమె కూర్చోలేదు. పందొమ్మిదేళ్ల వయసులో తననూ ఇలాగే ఎత్తుకొచ్చారు. వెతుక్కుంటూ వచ్చిన తల్లితో తనూ ఆ మాటే అంది. తల్లి టీ తాగి వెళ్లిపోయింది. మొగుడు జుమాబెక్ చెడ్డవాడేం కాదు. రోజూ కారులో దింపుతాడు, ఇవాళ చలికి లోపలికొచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

విచారణ మొదలైంది. జడ్జిగారు పేరుకు కిర్గిజ్ ఆవిడే గాని చదువంతా రష్యన్‌లోనే. డాక్టరు కాగితంలో మణికట్ల మీద కమిలిన గుర్తులున్నాయి. తాలాయ్ వకీలు దాన్ని చేత్తో తోసేశాడు.

"చెయ్యి పట్టి లాగడం మన ఆచారమేగా అమ్మా! తలుపు తీసే ఉంది, తాళం లేదు. ఒప్పుకున్నానని తనే చెప్పింది. ఇంకెక్కడి బలవంతం?"

బురుల్చా లేచింది.

"అమ్మా, ఆ మాట నేను తప్పు రాయించాను."

"ఇన్నేళ్ల అనుభవం. ఇవాళ తెలిసిందా అక్కగారికి?" వకీలు వెటకారంగా అన్నాడు.

"రాయించినప్పుడూ తెలుసు."

జడ్జి కళ్లద్దాలు తీసింది. "మరి ఆ మాటకు అర్థమేంటి?"

"ఇష్టపడి సరే అన్నా అదే మాటమ్మా. దారిలేక సరిపెట్టుకున్నా అదే మాట. ముందేమందో చూస్తేనే తేలేది. 'గుమ్మానికి అడ్డంగా ఆ ఇంటి ముసలమ్మ పడుకుంది, తనను దాటితే నీకు బతుకు లేకుండా శపిస్తానంది, నేను దాటలేకపోయాను, కోన్‌దుమ్.' ఈ పిల్ల చెప్పింది ఇది. తలుపు తీసే ఉంది, నిజమే. పెద్దావిడను దాటి ఎవరు పోతారు? నేనూ పోలేదు."

జడ్జి అడిగింది, "తెలిసీ ఎందుకలా రాయించారు?"

"ఒప్పుకున్నాననే నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. లేకపోతే బతకలేనుగా."

ఆ మాటను ఒప్పుదలకు సాక్ష్యంగా తీసుకోబోనని, ముసలమ్మను కూడా పిలిపించి అడుగుతానని జడ్జి చెప్పింది. అనువాదకురాలిపై విచారణకూ రాయించింది. కియాల్ ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. బురుల్చాకు భయం తగ్గలేదు గాని, సిగ్గు మాత్రం తగ్గింది.

బయట జుమాబెక్ కారు దగ్గర నిలబడి ఉన్నాడు. తలుపు తీయలేదు.

"ముప్పై అయిదేళ్లు," అన్నాడు. "నాకొక్కసారి చెప్పి ఉండొచ్చుగా?"

"నువ్వు ఒక్కసారి అడిగావా?" అంది బురుల్చా.