జహ్రా ఏ అడవి బిడ్డ?

2022 వేసవి. సౌదీలోని తబూక్ శివార్లలో, పొలాలు దాటాక ఉన్న ఒక ప్రైవేటు జంతు సంరక్షణ కేంద్రంలో నేను వెటర్నరీ టెక్నీషియన్‌గా చేరి అప్పటికి తొమ్మిదేళ్లు. మాది నంద్యాల దగ్గరి పల్లె. ఊళ్లో నన్ను ఇప్పటికీ "సౌదీలో కోతులకు సూదులేసే రసూల్" అంటారు. చింపాంజీ కోతి కాదు నాయనా, దానికి తోక ఉండదు అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

మా దగ్గర వేర్వేరు గదుల్లో రెండు చింపాంజీలు ఉండేవి. మగది సుల్తాన్, ఆడది జహ్రా. ఎవరో డబ్బున్నవాళ్లు జహ్రాను పసిపిల్లగా ఉన్నప్పుడు దొంగచాటుగా తెప్పించుకుని ఇంట్లో పెంచారు. అది పెరిగి కరవడం మొదలుపెట్టాక అధికారులు స్వాధీనం చేసుకుని మాకు అప్పగించారు. ఏ అడవిలో పుట్టిందో చెప్పే కాగితం ముక్క కూడా లేదు. పన్నెండేళ్లు దాటాక దానికో అలవాటు మొదలైంది. దుప్పటిని చుట్ట చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించుకుని తిరిగేది.

జహ్రా కీపర్ లింగన్న, జగిత్యాల వైపు మనిషి. మేస్త్రీ పనికని వచ్చి, ఆ కంపెనీ మూతపడితే మా దగ్గర కుదిరాడు. "సారూ, దీనికి ఒక్క పిల్లన్న పుట్టాలె. అది జూసినంకనే నేను పూరాగ ఇంటికి పోత," అనేవాడు. నేను నవ్వేవాణ్ని. తరువాత తరువాత నాకూ అదే కోరిక పట్టుకుంది.

కోరుకుంటే సరిపోదు. చింపాంజీల్లో నాలుగు ఉపజాతులున్నాయి, ఒక్కొక్కటి ఆఫ్రికాలో ఒక్కో భాగానిది. జూలలో తెలియక వాటిని కలిపేశారు. అందుకే ఇప్పుడు బ్రీడింగ్ ప్రోగ్రామ్ వాళ్లు, అంటే దేని జోడు ఏదో తేల్చే జూల ఉమ్మడి ఏర్పాటు, ముందుగా యాన్సెస్ట్రీ టెస్ట్ అడుగుతారు. డీఎన్ఏ చూసి వంశం ఏ అడవిదో చెప్పే పరీక్ష అది. కలగలుపు అని తేలితే పిల్లల్ని కననివ్వరు. అడవిలో ఒక ఉపజాతి అంతరిస్తే మళ్లీ నిలబెట్టడానికి కల్తీ లేని విత్తనం ఉండాలి కదా! న్యాయమే. జహ్రా కళ్లలోకి చూసి ఆ న్యాయం చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు.

పరీక్షకు వెంట్రుకల్ని కుదుళ్లతో సహా పీకాలి. జహ్రా లింగన్నను తప్ప ఎవరినీ తాకనివ్వదు. ఆ లింగన్న రెండు నెలల చుట్టీ మీద ఊరెళ్లాడు. మా ముదీర్, అంటే మేనేజరు, ఒకటే తొందర పెట్టాడు. నేను జహ్రా దుప్పటికి అంటుకున్న వెంట్రుకల్లో కుదుళ్లున్నవి ఏరి పంపేశాను. పెద్ద తెలివైన పని చేశానని మురిసిపోయాను కూడా.

రిపోర్టు వచ్చింది. కలగలుపు! ఇక రెండింటినీ ఒకే గదిలో ఉంచొచ్చని మా ఈజిప్టు డాక్టరు వెంటనే ఇంప్లాంట్‌కు రోజు నిర్ణయించాడు. గర్భం రాకుండా చర్మం కింద పెట్టే చిన్న కడ్డీ అది. దానికి రెండు రోజుల ముందు లింగన్న తిరిగి వచ్చాడు. సంగతి చెబితే మొహం నల్లబడింది.

"ఎంటికలు ఎవరు పీకిన్రు సారూ?"

"ఎవరూ పీకలేదన్నా. దుప్పటి మీదివి ఏరినా."

"అయ్యో సారూ! నేను జహ్రా దుప్పట్లు ఎన్నడన్న సుల్తాన్‌వాటితోని కలిపిన్నా? ఏరే ఉతుకుత, ఏరే ఆరేస్త. నేను లేనప్పుడు వచ్చినోడు అన్నీ ఒక్క మిషిన్ల ఏసిండట. ఏది చేతికొస్తె అది ఇచ్చిండట. మీరు ఏరినయి ఎవరి ఎంటికలో మీకెర్కేనా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లలో ఆ దుప్పట్ల పద్ధతి నేను ఒక్కసారీ గమనించలేదు. ల్యాబ్ తప్పు ఏముంది? రెండింటి వెంట్రుకలూ కలిపి పంపితే కలగలుపనే చెబుతుంది. డాక్టరు దగ్గరికెళ్లి తప్పు ఒప్పుకుని, ఇంప్లాంట్ ఆపించి వచ్చాను. కానీ లింగన్నకు చెప్పాల్సింది ఇంకొకటుంది.

"చూడన్నా, మళ్లీ పంపుదాం. కానీ స్వచ్ఛమని తేలితే జహ్రా ఈడ ఉండదు. సుల్తాన్‌ది నడిమి ఆఫ్రికా అని ముందే తేలిపోయింది. అదే వంశమైతే తప్ప ఈ రెండింటికీ జోడు కుదరదు. దాని జోడు ఏ దేశపు జూలో ఉంటే ఆడికి పంపుతారు."

"ఇప్పుడున్న కాయిదమే ఉండనిస్తె?"

"నీ కాడనే ఉంటాది. పిల్లలు మాత్రం ఉండవు."

ఆ రోజంతా అతను జహ్రా గది ముందే కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే నా గది తలుపు కొట్టాడు. "నడువుండ్రి సారూ. దాని కడుపు మీద నేను కొడ్తనా?"

గది ఇనుప జాలీకి వీపు ఆనించి కూర్చుంది జహ్రా. లింగన్న పేలు చూసినట్టు వెంట్రుకలు పాయలు తీస్తూ, "జెర ఓర్సుకో బిడ్డా," అంటూ ఒక్కొక్కటే పీకాడు. అది మూలగలేదు. వెనక్కి తిరిగి జాలీ సందుల్లోంచి వేళ్లు పెట్టి అతని ముంజేతి వెంట్రుకలు నిమిరింది. నేను ఆ వెంట్రుకల్ని కవర్లో వేసి అతికించాను.

ఈసారి జవాబు: స్వచ్ఛమైన పశ్చిమ ఆఫ్రికా వంశం. నాలుగు ఉపజాతుల్లో అన్నిటికన్నా ముప్పు ఎక్కువున్నది అదే. మరుసటి ఏడాది యూరప్‌లోని ఒక జూ జహ్రాను తీసుకుంది. ప్రయాణపు బోనులోకి నడవడం దానికి లింగన్నే నేర్పాడు. వెళ్లేరోజు అతను పిలిస్తేనే అది లోపలికి నడిచింది. బండి కదిలాక అతను ఖాళీ గదిని రెండుసార్లు కడిగాడు. ఒకసారి కడిగితే సరిపోయేది.

పోయిన ఏడాది అక్కడి కీపరు నాకు వీడియో కాల్ చేసింది. జహ్రాకు బిడ్డ పుట్టింది! పరుగెత్తి లింగన్నను పిలుచుకొచ్చాను. తెరలో జహ్రా, దాని పొట్టకు కరుచుకుని నల్లటి చిన్న తల. "అతన్ని జహ్రా అని పిలవమనండి, గుర్తుపడుతుందేమో చూద్దాం," అంది ఆవిడ. లింగన్న గబుక్కున మైకు ఆపెయ్యమని నాకు సైగ చేశాడు.

"ఎందుకన్నా?"

"మా బిడ్డకు మూడేండ్లప్పుడు, ఫోన్ల నా గొంతు ఇనంగనే దర్వాజ కాడికి ఉరుకుతుండె సారూ. బయట నేను లేకపోతె ఒకటే ఏడుపు. జహ్రాకు గా గోస ఎందుకు?"

ఈ కేసు తర్వాత, ఆ జంతువును చూసుకునే మనిషి పక్కన లేకుండా నేను ఒక్క నమూనా కూడా తీయలేదు. ఏ వంశమో ల్యాబ్ చెబుతుంది. ఆ జంతువుకు ఏది నొప్పో మాత్రం ఆ మనిషినే అడగాలని నాకు లింగన్న నేర్పాడు. ఆ కాల్ పావుగంట సాగింది. మైకు ఆపి ఉందని తెలిసి కూడా అతను అరచేత్తో నోరు గట్టిగా మూసుకునే చూశాడు.