ఒళ్లో పెట్టుకున్న పుర్రె

మా ల్యాబులో ఆవిడని ఎముకలక్క అంటారు. వేల ఏళ్లనాటి ఎముకల్లోంచి డీఎన్ఏ తీసే పద్ధతితోనే ఇప్పుడు పోలీసులు పంపే అస్థిపంజరాలు ఎవరివో తేలుస్తుంది. ఎముకల్ని ఉత్త చేతులతో ముట్టుకోవద్దని స్టేషన్లన్నిటికీ కాగితాలు పంపి పంపి విసిగిపోయింది.

ఈసారి వచ్చిన పుర్రె పదేళ్ల కిందట తప్పిపోయిన ఒక డ్రైవరుదని అనుమానం. నెల్లాళ్లు తల బద్దలుకొట్టుకుంటే దొరికింది ఆడమనిషి డీఎన్ఏ, అదీ తాజాది. డ్రైవరు తల్లి నమూనాతో అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

అక్కకి ఒళ్లు మండి స్టేషనుకి ఫోన్ చేసింది. "పుర్రెని ఎవరు ముట్టుకున్నారండీ?"

"ఎవరూ ముట్టుకోలేదు మేడమ్. వాళ్లమ్మ ఒక్కసారి చూస్తానని కాళ్లావేళ్లా పడితే, శుభ్రంగా కడిగి ఇచ్చానంతే. గంటసేపు ఒళ్లో పెట్టుకుని ముద్దులు పెట్టుకుంది," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

అక్క ఫోన్ పెట్టేసి ల్యాబులోంచి వచ్చింది. బయట బెంచీ మీద ఆ తల్లి కూర్చుని ఉంది. "మావాడేనా అమ్మా?"

"ఇంకా తెలీదమ్మా. పుర్రెలో లోపల చెక్కుచెదరని పన్ను ఒక్కటే మిగిలింది. ఇక దాన్నే పరీక్ష చేయాలి."

"పొడి చేసేస్తారటగా," అందామె. "ముందు ఒక్కసారి నా చేతికివ్వవూ?"