మగ్గం ఆగినా ఆగని నొప్పి

నా చిన్నప్పుడు, అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో, సిరిసిల్లలో మా నాయిన మగ్గం వారం పాటు ఆగిపోయింది. బందుల వల్ల నూలు రాలేదు. ఆ వారం చివర ఒక పొద్దున నాయినకు ఛాతీ బరువెక్కి, ఎడమచేయి గుంజసాగింది. ఒళ్లంతా చెమట. మా వాడలో అలాంటి నొప్పికి ఒకటే పేరు, మగ్గం నొప్పి. ఆముదం కాచి రాయాలి, సోడా తాగించాలి. నేత ఇళ్లలో అంతకు మించి ఎవరూ ఆలోచించేవారు కాదు. అమ్మ రాస్తూనే ఉంది. నాయిన గోడకు ఆనుకుని బీడీ మీద బీడీ కాల్చాడు.

మధ్యాహ్నం దాటాక పక్క వాడ నుంచి మా మేనత్త వచ్చింది. అంతకు ముందు ఏడే ఆమె భర్త పోయాడు. గడపలో నిలబడి ఒకసారి నాయినను, ఒకసారి ఖాళీ మగ్గాన్ని చూసింది.

"మగ్గం బందువడి వారమాయె. మగ్గం నొప్పి యాడికెళ్లి అచ్చిందే? గిట్లనే రాసుకుంట రాసుకుంట మా ఆయనను పోగొట్టుకున్న!"

"జర వాయువు అక్కా, తగ్గుతది," అన్నాడు నాయిన.

"నోర్ముయ్ తమ్మీ!" అంటూ అతని నోట్లోని బీడీ లాగి, నూనెగిన్నెను వాకిట్లోకి విసిరికొట్టింది. ఆసుపత్రికని పక్కింటి వారి ఎడ్లబండి కట్టించి, నాయినను పడుకోబెట్టించింది. నేనూ ఎక్కాను.

చౌరస్తాలో ఉద్యమకారులు అడ్డం నిలిచారు. "అక్కా, బందున్నది. బండి పోనియ్యం."

"నేను సుత మీ ఎంబడి జై కొట్టినదాన్నే. తెలంగాణ అచ్చినంక సూసెతందుకు నా తమ్ముడు బతికుండాలె గద! జరుగుండ్రి!"

జరిగారు. ఇద్దరు ముందు పరుగెత్తి దారి చేశారు.

గుండెకు రక్తం తీసుకుపోయే నాళం మూసుకుపోయిందన్నాడు డాక్టరు. రక్తపోటు ఎప్పుడైనా చూపించారా అని అడిగితే, ఎన్నడూ లేదంది మేనత్త. బీడీ ఇక ముట్టవద్దన్నాడు. పొద్దున్నే తెచ్చి ఉంటే గుండె ఇంత దెబ్బ తినేది కాదన్నాడు. నాయిన బతికాడు, కానీ మళ్లీ మగ్గంలో కూర్చోలేదు. నూనె రాస్తూ పోగొట్టిన ఆ పూట మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు.

మొన్న, కరెంటు కోతతో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడవని రోజున, మా అల్లుడు ఛాతీ పట్టుకుని ఇంటికి వచ్చాడు. "గ్యాసే అత్తమ్మా, సోడా తెప్పియ్యి," అన్నాడు. నేను ఆటో తెప్పించాను. ఆసుపత్రి గేటు దాకా అతన్ని తిడుతూనే ఉన్నాను. ఆ తిట్లన్నీ మా మేనత్తవే.