రీల్‌లో నా చేతులు

పొద్దున లేవగానే నేను మొదట చూసేది మా చిన్నమ్మ బిడ్డ మొహం. ఫోన్‌లో. ఆమె టీవీ సీరియళ్ళలో కోడలి వేషాలు వేస్తుంది, ఆదివారాలు ఒక ఆటల ప్రోగ్రాంకి యాంకర్‌గా కూడా వస్తుంది. నాకన్నా చిన్నది. ములకలపల్లిలో మా వెనక వీధిలోనే పెరిగింది. ఆమె పేజీని నేను ఫొటో పెట్టని ఖాతాతో చూస్తాను. చూస్తానే గాని లైక్ కొట్టను. ఇంతవరకు ఒక్కటి కూడా కొట్టలేదు.

ఏళ్ళ తరబడి చూస్తున్నాను కాబట్టి ఆమె పద్ధతి నాకు తెలిసిపోయింది. కొత్త సీరియల్ మొదలయ్యే ముందు గుళ్ళు, గోశాలలు వస్తాయి. ఆటల ప్రోగ్రాంకి జనం తగ్గితే కన్నీళ్ళు వస్తాయి. కారులో సీటు బెల్టు పెట్టుకుని మరీ ఏడుస్తుంది. ఏమీ లేని రోజుల్లో టీ కప్పు, వాన, కుక్కపిల్ల. నేను టీ తాగితే మా ఆయన కూడా తలెత్తి చూడడు. ఆమె తాగుతుంటే లక్షలమంది చూస్తారు.

నా పెళ్ళి ఆల్బంలో నాకన్నా ఆమె ఫొటోలే బాగుంటాయి. తలంబ్రాలు పోసుకుంటున్న ఫొటోలో నా మొహానికి అడ్డంగా ఆమె జడ ఉంటుంది. స్కూలు వార్షికోత్సవంలో ఆమె మొదటిసారి డాన్సు చేసినప్పుడు వేసుకున్న లంగా నేను కుట్టిందే. అప్పటికి నేను మిషన్ నేర్చుకుంటున్నాను. ఒక ఇంటర్వ్యూలో ఆ లంగా సంగతి వచ్చింది. “మా ఊళ్ళో ఎవరో ఒకావిడ కుట్టిచ్చింది” అంది. ఇంకో ఇంటర్వ్యూలో తనకి అక్కాచెల్లెళ్ళు ఎవరూ లేరనీ, ఒంటరిగా పెరిగాననీ చెప్పింది. ఆ మాట విన్నప్పుడు నేను జాకెట్టు ముక్క కత్తిరిస్తున్నాను. కత్తెర కింద పెట్టి, వీడియో వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. అదే మాట.

అలాంటి మనిషి ఈ ఏడాది శ్రీరామనవమికి కాస్త ముందు తనంతట తాను ఫోన్ చేసింది.

“అక్కా, మీరు రాములోరి కల్యాణానికి గోటితోని వడ్లు ఒలుస్తరు గదా. నేను గూడ వచ్చి మీతోని కూసుంట. ఒక రీల్ చేద్దాం.”

“కొత్త సీరియల్ ఎప్పుడు మొదలైతది?” అని అడిగాను.

“వచ్చే సోమవారం. నీకెట్ల తెలుసు?”

“ఊకెనే అడిగిన.”

“నిన్ను గూడ చూపిస్త అక్కా. మా అక్క అని చెప్త.”

ఆ ఒక్క మాటకి నేను సరే అన్నాను. లక్షలమంది ముందు ఆమె నోటితో, ఈమె మా అక్క అనాలి. నాకు కావలసింది అంతే. కొత్త చీర తీశాను, దానికి జాకెట్టు కుట్టుకున్నాను. బొగ్గు బాయిలో డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన నన్ను చూసి నవ్వాడు.

“పెండ్లి సీతమ్మకా, నీకా?”

“అన్నం గిన్నెల ఉంది, పెట్టుకొని తినుండ్రి” అన్నాను.

మా వాడలో ఆడవాళ్ళం కొందరం ఏటా భద్రాచలం కల్యాణానికి గోటి తలంబ్రాలు చేస్తాం. వడ్లు దంచకూడదు, మరలో పట్టకూడదు. ఒక్కొక్క గింజని గోటితో ఒలవాలి. బియ్యం విరగకూడదు. స్నానం చేసి కూర్చోవాలి, ఎంగిలి తగలకూడదు. ఎవరి పళ్ళెం వాళ్ళది. చివర్లో అన్నీ ఒకే మూటలో పోసి భద్రాచలం తీసుకెళ్తాం. మాకు పెద్దగా ఉండే ముసలామెని అందరం పెద్దమ్మ అంటాం. ఆమె ఇంటి వసారాలోనే కూర్చుంటాం. కుట్టుపని చేసేదాన్ని కదా, దారం తడిపినట్టు వేలు నాలికకి ఆనించుకోవడం నాకు అలవాటు. పోయినేడు ఒకసారి అలా చేయి నోటి దాకా పోయింది. నాలికకి తగిలిందో లేదో నాకే తెలియదు. పెద్దమ్మ అందరి ముందూ నన్ను లేపి, ఇంటికి పోయి తలస్నానం చేసి రమ్మంది. వెళ్ళాను, చేసి వచ్చాను. అది కూడా నేను మరిచిపోలేదు.

మా చెల్లె కారు వచ్చి ఆగగానే అదే పెద్దమ్మ లేచి గడప దాకా ఎదురెళ్ళింది. గాజు కప్పుల్లో టీ తెప్పించింది. మాకెప్పుడూ స్టీలు గ్లాసులే. చెల్లె అందర్నీ కౌగిలించుకుంది, అందర్నీ అమ్మా అంది. నా దగ్గరికి వచ్చి, “ఏంది అక్కా, చిక్కిపోయినవ్” అంది. అప్పటికి కెమెరా ఇంకా సంచిలోనే ఉంది.

ఆమెతో వచ్చిన కెమెరా పిల్లగాడు దాన్ని బయటికి తీశాక వసారా అంతా చూసి నా దగ్గర ఆగాడు. “ఇక్కడ లైటింగ్ బాగుంది. ఆంటీ, మీరు జెర అటు జరుగుతరా?” జరిగాను. నా చోట్లో, నా పళ్ళెం ముందు ఆమె కూర్చుంది. ఇప్పుడు చెప్తుంది, ఇప్పుడు చెప్తుంది అని చూస్తున్నాను. ఆమె కెమెరా వైపు తిరిగి, చిన్నప్పటి నుంచీ తనకి ఇది అలవాటేననీ, ఎంత బిజీగా ఉన్నా ఈ సేవ మానలేదనీ చెప్పింది. ఆమె ఏనాడూ ఒక్క గింజ ఒలిచింది లేదు. మిగతా ఆడవాళ్ళంతా తలలూపారు.

మాటలైతే అయ్యాయి గాని గింజ ఊడదు. ఆమెకి అతికించిన గోళ్ళు, గులాబీ రంగువి, పొడుగ్గా ఉన్నాయి. గింజ పట్టుకుంటే జారిపోతుంది. కెమెరా పిల్లగాడు నా వైపు చూశాడు.

“ఆంటీ, మీ చేతులు ఒక్కసారి పెట్టండి. క్లోజప్ తీసుకుంట.”

“నా మొహం?”

“అది తర్వాత.”

పెట్టాను. దర్జీదాని చేతులు, వేళ్ళ మీద సూది పోట్లు. చాలాసేపు తీశాడు. ఇంత శ్రద్ధగా నా చేతుల్ని ఎవరూ ఎప్పుడూ చూడలేదు. నిజం చెప్పాలంటే బాగానే అనిపించింది.

చివర్లో, “మేడమ్, ఒలిచిన గింజ ఒక్కటి మీ చేతుల కనపడాలె” అన్నాడు. ఆమె గింజ తీసుకుని, మొహం పక్కకి తిప్పి, పళ్ళతో కొరికి పొట్టు తీసింది. ఆ బియ్యపు గింజని వేళ్ళ మధ్య ఎత్తి చూపించి, నవ్వి, నా పళ్ళెంలో వేసింది.

చూడనివాళ్ళు లేరు. పెద్దమ్మ టీ చల్లారుతుంది తాగమ్మా అంది. కారు మలుపు తిరిగాక గాని నా పళ్ళెం తీసి పక్కన పెట్టలేదు.

“ఎంగిలైంది బిడ్డా. మూటల పొయ్యద్దు.”

“ఆమెతోని చెప్పకపోతివి?”

“టీవీల వచ్చే పిల్ల. ఏమంటం?”

“నన్నైతే తలస్నానానికి తోలినవ్.”

“నువ్వు మా మనిషివి గదా” అంది.

చలికాలం నుంచి ఒలిచిన బియ్యం. పిచ్చుకలకి పోశారు. ఈ ఏడాది మూటలో నా గింజ ఒక్కటీ లేదు.

రీల్ సీరియల్ మొదలయ్యే ముందు రోజు వచ్చింది. ఆమె మొహం, నా చేతులు, మళ్ళీ ఆమె మొహం. కింద, నా చేతులతో నా రాముడికి అని రాసుంది. నేను ఎక్కడా లేను. జనం ఆ చేతుల్నే పొగిడారు. ఇంత పెద్ద స్టార్ అయినా పని మరవని చేతులు చూడండి అని ఒకరు. మేకప్ లేని చేతులు అని ఇంకొకరు. వాటికి ఆమె ఎర్ర గుండెలు పెట్టింది.

నేను కింద రాశాను. ఆ చేతులు నావి.

ఫొటో కూడా లేని నువ్వెవరు అన్నారు. ఫొటో పెట్టాను. అప్పుడు, ఆంటీకి పబ్లిసిటీ కావాలంట అన్నారు. ఆ మాట ఆమెని కదా అనాలి.

మధ్యాహ్నానికి ఫోన్ వచ్చింది.

“అక్కా, గదేంది అట్ల రాసినవ్? తీసెయ్, మంచిగుండదు.”

“మా అక్క అని చెప్తనన్నవ్.”

“ఎడిటింగ్‌ల పోయింది.”

“మళ్ళ పెట్టు. చేతులు మా అక్కవి అని రాయి. అప్పుడు తీస్త.”

“చిన్నప్పటి లెక్కనే ఉన్నవ్. మొండిదానివి.”

“అవ్” అన్నాను.

“సరే, చెప్త” అంది. నేను గెలిచాననుకున్నాను.

చెప్పింది. మర్నాడు ఇంకో వీడియో. కారు, సీటు బెల్టు, కన్నీళ్ళు. “మా అక్క నా మీద అలిగింది. నన్ను పెంచిన చేతులవి. నా చేతులంటే నావనే కాదు, మా అక్కవి గూడ.” పక్కన నా పెళ్ళి ఫొటో, జడ అడ్డమున్నదే. చివర్లో, మా అక్క కోసం సీరియల్ తప్పకుండా చూడండి అంది. మొదటి రీల్‌లో నా కామెంట్‌ని పిన్ చేసి అన్నిటికన్నా పైన పెట్టింది. రెండో వీడియోని మొదటి దానికన్నా ఎక్కువమంది చూశారు.

వీధిలో అందరూ నన్ను ఆపి మాట్లాడారు. “నీ చెల్లె మనసు బంగారం. నువ్వు గట్ల రాసినా ఏమనలే” అన్నారు. పెద్దమ్మ నా కోసం గాజు కప్పులో టీ తెచ్చింది. తాగకుండా వచ్చేశాను.

కోరుకున్న మాటే దొరికింది. లక్షలమంది ముందు మా అక్క అంది. నేను అడిగినదాంట్లో ఒక్క అక్షరం తగ్గించలేదు. ఐనా అది నాది కాలేదు. నా కోపం కూడా ఆమె సీరియల్‌కి పనికొచ్చింది.

మా ఆయన కామెంట్ తీసెయ్యమంటాడు. “నువ్వు ఉంచినన్ని రోజులు ఆమెకే లాభం” అంటాడు. నిజమే. జనం దాన్ని చదివి నవ్వుకుని, రెండో వీడియోకి పోతున్నారు. కానీ తీసేస్తే చేతులు మళ్ళీ ఆమెవవుతాయి. రెండుసార్లు తీద్దామని నొక్కి పట్టుకున్నాను. నిజంగా తొలగించాలా అని ఫోన్ అడిగింది. వద్దన్నాను.