చెంబెడు నీళ్ల పరీక్ష

మొగులయ్య ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు అడిగేవాడు. ఇచ్చిన చెంబు నోటిదాకా పోయేది కాదు. నీళ్లు ఆ ఇంటి నేల మీద ఒంపి, ప్యాంటు మడిచి, ఉత్తకాళ్లతో ఆ తడిలో అటూ ఇటూ నడిచేవాడు. ఇంటివాళ్ల ముఖాలు మరిచిపోయేవాడు గానీ, నేలల్ని మరిచేవాడు కాదు.

కొందరు గుడికి గోపురం కోసం పోతారు, కొందరు పులిహోర కోసం. రెండో రకమూ భక్తులేనని నా అభిప్రాయం. మొగులయ్య మాత్రం తల ఎత్తకుండా గుడి బండలు తడిపి చూసి వచ్చే రకం.

ఈ తిప్పలన్నీ పటాన్‌చెరులో కట్టుకుంటున్న రెండు గదుల ఇంటి కోసం. స్లాబు పడింది, తలుపులకు రంగులయ్యాయి. నేల మాత్రం ఇంకా మట్టే. ముహూర్తం శ్రావణంలో, ఆషాఢం సగం దాటింది.

"అందరిండ్లల్ల మొజాయిక్ అద్దం లెక్క మెరుస్తున్నది. మనం మట్టిల పాలు పొంగియ్యాల్నా?" అంది భార్య కౌసల్య.

"అద్దం గావాల్నంటే గోడకు కొనిస్త. నేల నడవనీకి!"

జోగిపేటలో కౌసల్య తమ్ముడు కొత్తగా చలువరాయి పరిపించాడు. అతను మీసం దువ్వుతూ ధర చెబుతుండగానే మొగులయ్య చెంబు ఒంపేశాడు. రెండడుగులు తను వేశాడు, మూడోది నేలే వేయించింది. సోఫా కింద నుంచి గొంతు వినబడింది: "మస్తు జారుతది, బామ్మర్దీ!"

"మా పుట్టింట్ల ఇజ్జత్ తీసినవ్ గదనయ్యా!" అని కౌసల్య బస్సులో దారి పొడవునా సాధించింది.

వాళ్లు కిరాయికుండే ఇల్లు బుల్లెమ్మగారిది. భర్త ఫ్యాక్టరీ ఉద్యోగం వెంట గోదావరి ఒడ్డు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. కౌసల్య పురిట్లో పథ్యం వండి పెట్టింది ఆవిడే. కిందటేడు సొంత మొజాయిక్ మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నప్పటి నుంచి చేతికర్ర పట్టుకుని, గడప దాటడమే మానేసింది.

"కొత్తింట్ల పాలు మీ చేత్తోనే పొంగియ్యాలె అమ్మగారూ," అంది కౌసల్య.

"నేను రానే అమ్మాయ్! మెరిసే నేల చూస్తే నాకు గుండె దడ. అక్కడ పడ్డానంటే నన్ను లేపడానికి ఫ్యాక్టరీ నుంచి క్రేను తేవాలి."

మొగులయ్య ఇంకో చెంబు నీళ్లు ఆవిడ వరండాలో ఒంపి తిట్లు తిన్నాడు.

చివరికి తాండూరు బండలు దిగాయి. మేస్త్రీ సంగప్ప మొదటి బండ పరిచాడో లేదో మొగులయ్య దాన్ని బోర్లా తిప్పాడు. నున్నటి ముఖం కిందికి, గరుకు ముఖం పైకి.

"ఏంది పటేలా! పెండ్లిపిల్లను గోడ దిక్కు తిప్పి కూసోబెట్టినట్టున్నది!" అన్నాడు సంగప్ప. "నా పేరు ఖరాబైతది."

"నా పేరు చెప్పు. అది ఎప్పుడో ఖరాబైంది."

ఆ నేల చూసి కౌసల్య గుండె చెరువైంది. ఇంత పరేషాన్ చేసి, ఆఖరుకు ఉల్టా బండలా! తుడిస్తే గుడ్డ చిరిగేలా ఉంది. ముహూర్తం దాకా మొగుడికి అన్నం పెట్టింది గానీ, మాట పెట్టలేదు.

ఆ రోజు రానే వచ్చింది. మొగులయ్య బతిమాలి, ఆటోలో బుల్లెమ్మగారిని తెచ్చాడు. ఆవిడ గడప దగ్గర ద్వారబంధం పట్టుకుని ఆగిపోయింది. మొగులయ్య చెంబెడు నీళ్లు ఆవిడ ముందరే నేల మీద ఒంపేశాడు.

"ఓరి నాయనో! చంపడానికే తీసుకొచ్చావా?"

"నడువుండ్రి అమ్మగారూ."

ఆవిడ కర్ర ఆనించింది. అది కదల్లేదు. కాలు పెట్టింది. జారలేదు. ఇంకో అడుగు. పొయ్యి దాకా వెళ్లి వెనక్కి చూసింది.

"ఎలక్షన్లప్పుడు నాయకుడిలా కాలు పట్టుకుని వదలట్లేదేంటయ్యా ఈ నేల!"

ఊళ్లు పట్టుకుని తిరిగి ఒంపిన చెంబులన్నీ ఎవరి కోసమో కౌసల్యకు అప్పుడు తెలిసింది. పాలు పొంగాయి. ఆమె చెంబు నిండా నీళ్లు తెచ్చి మొగుడికిచ్చింది. అలవాటు కొద్దీ అతను నేల మీదికి వంచబోతే చెయ్యి పట్టుకుంది.

"గివి తాగనీకి తెచ్చిన!"

మొగులయ్య బుద్ధిగా తాగాడు.