ఆరో గది పంది కడుపులో చప్పుడు

నేను ఒట్లు పెట్టుకునే మనిషిని కాను. పశువైద్య శాఖలో ముప్పై ఏళ్లు పనిచేశాను. చూసిందే డైరీలో రాశాను. ఇది మాత్రం... నా చెవులతో విన్నాను. నమ్మండి.

వడమాలపేట దగ్గర సుగుణమ్మకు పందుల ఫారం ఉంది. ఆ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసింది.

"సార్, ఆరో గదిలోదానికి చూలు లేదని స్కానింగులో చెప్పినారు. పొద్దన్నే కోతకు బండి వస్తాది. నాకు మనసొప్పలే. మీరొకసారి సూడండి."

వెళ్లాను. పంది పక్కకు ఒరిగి పడుకుని ఉంది.

"మీ మిషన్ల కన్నా మా మగపందే నయం సార్. జతకు దాటించిన ఇరవై ఒకటో దినం తెచ్చి ముందర నిలబెడితే, ఈ మహాతల్లి మొగం తిప్పుకునింది. చూలు లేకుంటే ఆ దినానికి మళ్లా ఎదకు రావల్ల గదా?"

నిజమే. కానీ ఎదకు రాకపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి.

నా పాత డాప్లర్ తీశాను. కడుపులోని చప్పుడు వినిపించే చిన్న పెట్టె. పిల్లలుంటే వాటి గుండెలు తల్లి నాడి కన్నా చాలా వేగంగా కొట్టుకుంటాయి. నూనె రాసి, డొక్క కింద ఆనించాను.

స్స్... స్స్... స్స్...

తల్లి రక్తం. నెమ్మదిగా. రెండో వైపూ అంతే. గడియారం చూసుకుంటూ పావుగంట విన్నాను. ఇంకేమీ లేదు.

"లేదమ్మా," అని మిషన్ ఆపాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు...

టకటక... టకటక... టకటక...

చాలా వేగంగా. ఒకటి కాదు. ఎన్నో. ఒకదాని మీద ఒకటి.

"ఇంగా ఆపలేదా సార్?"

మీట చూశాను. ఆపే ఉంది. వెనక మూత తీశాను. బ్యాటరీలు రెండూ అరచేతిలో పడ్డాయి... చప్పుడు ఆగలేదు.

పంది కళ్లు తెరిచింది. నన్నే చూసింది. మెల్లగా లేచి నిలబడింది. అంతే... చప్పుడు ఆగిపోయింది.

సుగుణమ్మ నా చెయ్యి పట్టుకుంది. "యినపడింది గదా సార్? పిల్లలుండాయి గదా? మీరు ఊ అంటే బండిని ఎనక్కి పంపిస్తా."

బ్యాటరీలు లేని మిషన్ మాట నేనెలా నమ్మను?

"స్కానింగే నిజమమ్మా," అన్నాను.

ఇంటికొచ్చి డైరీ తెరిచాను. సమయం రాశాను. గది నంబరు రాశాను. ఆ తర్వాత కలం కదల్లేదు.

పొద్దున తొమ్మిదింటికి ఫోన్ మోగింది.

"సార్... పందిని కోసిన ఆయప్ప ఇప్పుడే మాట్లాడినాడు. ఏమన్నాడో చెప్పమంటారా?"

"వద్దమ్మా."

ఆమె ఫోన్ పెట్టేసింది.

ఇప్పటికీ నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.