షమీమక్క ఏడుపుకు నవ్వులు కలిపిన వీడియో

ఏడుస్తూ మాట్లాడిన మనిషిని వీడియో తీసి, దానికి నవ్వుల సౌండు కలిపి, ‘ఇలాంటి ఇంగ్లీషు మాట్లాడకండి’ అని తన ఆన్‌లైన్ పేజీలో పెట్టుకున్నాడు నంద్యాలలో మాకు ఇంగ్లీషు నేర్పే సారు.

ఆ మనిషి షమీమక్క. రుద్రవరంలో జాకెట్లు కుడుతుంది. బట్టల షోరూములో ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలని నాతోపాటు క్లాసుకు వస్తోంది. మొన్న మొదటిసారి లేచి నిలబడి, ఈ మధ్యే చనిపోయిన వాళ్ళమ్మ గురించి మాట్లాడింది. అదే ఆ వీడియో.

ఈ రోజు ఆళ్లగడ్డ బస్టాండు దాకా వచ్చి కూడా నంద్యాల బస్సు ఎక్కలేదు.

“రా అక్కా, సీట్లుండాయి.”

“నేను రాను తమ్ముడూ. మాయమ్మ సచ్చిపోయిందని చెప్తే ఊరంతా నగుతాండారు. నాకొద్దు ఈ ఇంగ్లీషు. నువ్వు పో.”

ఒక్కణ్ణే పోయి, అట్ల ఎందుకు పెట్టారని సారును అడిగాను. “తప్పు చూపించకుంటే ఎట్ల నేర్చుకుంటారప్పా?” అన్నాడు.

నేను ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే పనివాణ్ణి. నా ఉలి జారితే మా మేస్త్రీ పక్కకు పిలిచి, చెయ్యి పట్టుకుని చూపిస్తాడు. తిట్టడా అంటే తిడతాడు, బేరానికొచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక.

సారూ, ఆమె మాటల్లో తప్పులన్నీ మీకు వినపడ్డాయి. ఏడుపు వినపడలేదా?

ఆ వీడియో చూసినవాళ్ళు, మీరు నవ్వారో లేదో కింద రాయండి. సారూ, రేపు సాయంత్రం క్లాసు మొదలయ్యేలోపల ఆ వీడియో తీసెయ్యండి. అక్కకు మీరే ఫోన్ చేసి తప్పయిందని చెప్పండి. తెలుగులో చెప్పినా చాలు.